రొద ఫ్యాన్‌ది, శిక్ష కార్డుకా?

సంపాదకులు గారికి నమస్కారములు.

మీ పత్రిక సాంకేతిక పుటలో ఇటీవల కంప్యూటర్ తెర మీది దృశ్యాలను గీసే గ్రాఫిక్స్ కార్డుల రొద గురించి వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఆటలు ఆడేటప్పుడో, వీడియోలు కూర్చేటప్పుడో కార్డు హోరెత్తితే ఏం చేయాలన్న ప్రశ్నకు వ్యాసకర్త రెండే దారులు చూపారు. సాఫ్ట్‌వేర్‌తో ఫ్యాన్ వేగం తగ్గించుకోవడం ఒకటి, అది చాలకపోతే కార్డును అమ్మేసి కొత్తది కొనుక్కోవడం రెండోది. మొదటి సలహాతో నాకు పెద్దగా పేచీ లేదు. రెండోది మాత్రం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోమన్నట్టుగా ఉంది. ఈ రెంటికీ నడుమ, కార్డును అలాగే ఉంచుకొని దాని మీది కూలర్‌ను, అంటే వేడిని తోడేసే లోహపు దిమ్మెనూ ఫ్యాన్లనూ మాత్రం మార్చుకునే దారి ఒకటి ఉంది. నేను రెండు కార్డులకు ఆ పని చేశాను, రెండుసార్లూ పొరపాట్లు చేశాను, అయినా రెండు కార్డులూ ఇప్పటికీ చక్కగా పని చేస్తున్నాయి.

కార్డులోని చిప్ స్వయంగా శబ్దం చేయదు. అది తీసుకున్న విద్యుత్తు దాదాపు మొత్తం వేడిగా మారుతుంది. ఆ వేడిని తోడిపోసే క్రమంలో చిట్టచివరి అంచెలో మాత్రమే రొద పుడుతుంది. 2010లో వచ్చిన జీఫోర్స్ జీటీఎక్స్ 480ని ఉదాహరణగా తీసుకుంటే, దాని చిప్ వైశాల్యం సుమారు 529 చదరపు మిల్లీమీటర్లు, అంటే ఒక చదరపు అంగుళం కన్నా తక్కువ. కార్డుకు తయారీ సంస్థ ప్రకటించిన విద్యుత్తు పరిమితి 250 వాట్లు. అంత చిన్న చోట పుట్టిన వేడి ముందు లోహపు అడుగు పలకలోకి, అక్కడి నుంచి హీట్ పైపుల్లోకి, వాటి నుంచి పలుచని రేకుల వరుసలోకి చేరుతుంది. హీట్ పైపులో కదిలే యంత్రభాగమేదీ ఉండదు. లోపలి కొద్దిపాటి ద్రవం వేడి కొసన ఆవిరై, చల్లని కొసన మళ్లీ ద్రవమై, గోడల వెంట ఉన్న దీపపు ఒత్తిలాంటి పొర గుండా వెనక్కి పాకుతుంది. ఇంతవరకు అంతా నిశ్శబ్దమే. రేకుల మీద చేరిన వేడిని గాలికి అప్పగించడానికి ఫ్యాన్ తిరగాలి, కథ అక్కడ మొదలవుతుంది.

ఫ్యాన్ తోలే గాలి దాని వేగానికి అనులోమంగా పెరుగుతుంది, కానీ అది చేసే శబ్దపు శక్తి వేగానికి సుమారు అయిదో ఘాతంగా పెరుగుతుంది. వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది, శబ్దం మాత్రం దాదాపు 15 డెసిబెల్ పడిపోతుంది. పది డెసిబెల్ తగ్గితే మన చెవికి రొద సగమైనట్టు తోస్తుందని శ్రవణశాస్త్రంలో వాడుకలో ఉన్న కొలమానం. ఇక ఫ్యాన్ వ్యాసం, అంటే అడ్డుకొలత సంగతి. ఒకే ఆకృతిలో ఉన్న రెండు ఫ్యాన్లలో గాలి పరిమాణం వ్యాసానికి ఘనంగా పెరుగుతుంది కాబట్టి, 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఇచ్చే గాలిని 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ మూడో వంతు కన్నా తక్కువ వేగంతోనే ఇవ్వగలదు. పెద్ద రెక్కలు తమ వంతు శబ్దాన్ని కలుపుతాయి, దాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నా, అంతే గాలికి పెద్ద ఫ్యాన్ సుమారు 14 డెసిబెల్ తక్కువ శబ్దం చేస్తుంది. ఇది కాగితం మీది లెక్కేనని ఒప్పుకుంటాను. రేకుల మధ్య గాలికి ఎదురయ్యే అడ్డంకి ఇందులో లేదు. నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాన్‌కు గాలిని ఒత్తిడితో నెట్టే బలం తక్కువ. విడిగా దొరికే నిశ్శబ్ద కూలర్లలో రేకులు ఎడం ఎడంగా, వెడల్పుగా ఉండటానికి కారణం అదే, ఊరికే అలంకారం కోసం కాదు.

రొద ఎంత అన్నదే కాదు, ఎలాంటిదన్నది కూడా ముఖ్యం. పదకొండు రెక్కల చిన్న ఫ్యాన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే రెక్కలు దాటిపోయే స్వరం సెకనుకు 550 కంపనాల దగ్గర పలుకుతుంది, మాట్లాడే మనిషి గొంతులో అచ్చులు పలికే మేరలోనే. తొమ్మిది రెక్కల పెద్ద ఫ్యాన్ 900 చుట్లు తిరిగితే అదే స్వరం 135 కంపనాలకు దిగుతుంది. సన్నని శబ్దాల కన్నా ఇలాంటి బొంగురు శబ్దాలను మన చెవి తక్కువగా పట్టించుకుంటుంది. మొదటిది చెవిలో జోరీగ. రెండోది దూరాన గాలి వీస్తున్నట్టు ఉంటుంది, కాసేపటికి అది ఉన్నదన్న సంగతే మరచిపోతాం.

నేరం చిప్‌ది కాదు, కూలర్‌దేననడానికి ఈ రంగపు చరిత్రే సాక్ష్యం. 2003లో ఎన్విడియా సంస్థ విడుదల చేసిన జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రా కార్డు ఎంత హోరెత్తిందంటే, చేతిలో పట్టుకొని దుమ్ము లాగే యంత్రం పేరు దానికి అంటుకుంది. చివరికి ఆ సంస్థే తన కార్డును ఎగతాళి చేస్తూ ఒక వీడియో తీసి నవ్వేసింది. విడి కూలర్లకు గిరాకీ పెరిగిన కాలం అది. స్విట్జర్లాండ్‌కు చెందిన ఆర్కిటిక్, కొరియాకు చెందిన జల్‌మన్ లాంటి సంస్థలు గ్రాఫిక్స్ కార్డుల కోసమే కూలర్లు తయారుచేశాయి. మరో పదేళ్లకు, 2013లో, ఏఎండీ తెచ్చిన రేడియన్ ఆర్9 290ఎక్స్ విషయంలో తేడా మరింత స్పష్టంగా తెలిసింది. సంస్థ స్వయంగా బిగించిన కూలర్‌తో చిప్ 95 డిగ్రీలకు చేరేది. నిశ్శబ్దంగా నడిపేందుకు ఒకటి, పూర్తి వేగంతో నడిపేందుకు ఒకటి అంటూ కార్డు మీద ఒక మీటనే పెట్టారు. తరువాతి నెలల్లో వేరే తయారీదారులు అదే చిప్‌కు పెద్ద కూలర్లు, మూడేసి ఫ్యాన్లు బిగించి అమ్మిన కార్డులు దానికన్నా చల్లగానూ ఎంతో నిశ్శబ్దంగానూ నడిచాయి. చిప్ అదే, వేడి అంతే. మారింది దాని మీద కూర్చున్న లోహమూ ఫ్యాన్లూ మాత్రమే.

అయితే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఆ శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవాలి. విద్యుత్తును సర్దే తీగచుట్టల నుంచి సన్నని కీచుమనే శబ్దం వస్తే అది కూలర్ మార్చినా పోదు. పైగా ఫ్యాన్ రొద తగ్గాక అదే ఇంకా స్పష్టంగా వినిపించి విసుగు తెప్పిస్తుంది. ఆటలో దృశ్యాల వేగం, అంటే సెకనుకు తెర మీద వచ్చే దృశ్యాల సంఖ్య మారినప్పుడల్లా ఆ కీచు స్వరం కూడా మారుతుంటే అది తీగచుట్టల పనేనని గ్రహించి, ముందు దృశ్యాల వేగానికి ఒక హద్దు పెట్టి చూడటం మంచిది. గరగరమంటూ, టకటకమంటూ వస్తే బేరింగు అరిగిందన్నమాట, అప్పుడు ఒక్క ఫ్యాన్ మారిస్తే సరిపోతుంది. రేకుల మధ్య దుమ్ము గడ్డకట్టి ఉంటే తుడవడమే మొదటి వైద్యం.

మీ వ్యాసకర్త చెప్పిన సాఫ్ట్‌వేర్ మార్గాన్ని కూడా ఇక్కడే ప్రయత్నించాలి, కానీ ఆయన చెప్పిన తీరులో కాదు. వేడిని తగ్గించకుండా ఫ్యాన్‌ను మాత్రమే తగ్గిస్తే చిప్ వేడెక్కి తనంతట తానే వేగం కోల్పోతుంది. ముందు తగ్గించాల్సింది వోల్టేజీ, లేదా కార్డు వాడే మొత్తం విద్యుత్తు మీది పరిమితి. చిప్ పని చేసేటప్పుడు ఖర్చయ్యే శక్తి వోల్టేజీ వర్గానికి అనులోమంగా ఉంటుంది కాబట్టి, వేగం మార్చకుండా వోల్టేజీని పది శాతం తగ్గించగలిగితే ఆ ఖర్చు సుమారు 19 శాతం తగ్గుతుంది. చాలా కార్డులకు ఇది ఒక సాయంత్రం పని, ఏ మరా విప్పనక్కరలేదు. దీంతోనే తృప్తిపడేవారు ఈ లేఖలో మిగతాది చదవకపోయినా నష్టం లేదు.

తృప్తిపడని నాలాంటి వారి సంగతికి వస్తాను. నా మొదటి కార్డులో గాలిని పక్క నుంచి లాగి వెనక సందులోంచి ఊదే డ్రమ్ము ఆకారపు చిన్న ఫ్యాన్ ఉండేది. కూలర్‌ను పూర్తిగా తీసేసి, మూడు 92 మిల్లీమీటర్ల ఫ్యాన్లున్న విడి కూలర్ బిగించాను. ఆ రకం కూలర్ చిప్‌ను మాత్రమే తాకుతుంది. చుట్టూ ఉన్న మెమరీ చిప్‌లకు, వోల్టేజీ సర్దే భాగాలకు చిన్న చిన్న అల్యూమినియం ముక్కలను విడిగా అంటించాలి. అంటించాను. మూడు వారాల తరువాత ఒక రాత్రి కేబినెట్ లోపల టక్కుమని చప్పుడైంది. కార్డు మదర్‌బోర్డుకు గుచ్చినప్పుడు దాని ముఖం కిందికి ఉంటుంది కదా, ఒక ముక్క ఊడి కింద పడింది. అది మదర్‌బోర్డు మీద ఏ రెండు కొసలనైనా కలిపి ఉంటే ఏమయ్యేదో ఊహించుకుంటేనే గుండె ఝల్లుమంటుంది. తప్పు నాదే. అంటించే ముందు మెమరీ చిప్‌ల మీది పాత ప్యాడ్ల (వేడిని లోహానికి చేరవేసే మెత్తని పట్టీల) జిడ్డును గుడ్డతో తుడిచానే గాని ఆల్కహాల్‌తో శుభ్రం చేయలేదు. రెండోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరనిచ్చి, ఒక్కొక్క ముక్కనూ నిమిషం పాటు అదిమిపట్టి అంటించాక మళ్లీ ఊడలేదు.

రెండో కార్డుకు మొత్తం కూలర్ మార్చలేదు. అనుభవం మీద చెబుతున్నాను, ఇప్పటి కార్డులు వాడేవారిలో ఎక్కువమందికి నేను సూచించేది ఈ రెండో పద్ధతే. ఇటీవలి కార్డుల మీద ఉండే హీట్‌సింక్, అంటే రేకులున్న లోహపు దిమ్మె, సాధారణంగా మంచిదే. చెడగొట్టేది దాని మీద ప్లాస్టిక్ తొడుగులో ఇరికించిన పలుచని ఫ్యాన్లు. ఆ తొడుగునూ ఫ్యాన్లనూ తీసేసి, వాటి చోట కేబినెట్‌లో వాడే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండింటిని ప్లాస్టిక్ టైలతో హీట్‌సింక్‌కు కట్టేస్తే సరిపోతుంది. చూపులకు అందంగా ఉండదు, ఆ మాట నిజమే. కానీ మెమరీనీ, వోల్టేజీ భాగాలనూ చల్లబరిచే ఏర్పాటు అసలు తయారీదారు చేసినట్టే ఉండిపోతుంది, ఊడిపడే ముక్కల బెడద ఉండదు. చాలా కార్డుల్లో చిప్ మీది నుంచి హీట్‌సింక్‌ను కదపకుండానే ఈ పని ముగుస్తుంది.

నేను మాత్రం అక్కడితో ఆగలేదు. చేయి పెట్టాను కదా, చిప్‌కూ లోహానికీ మధ్య పూసే పేస్టు, ప్యాడ్లు కూడా కొత్తవి వేద్దామనుకున్నాను. మెమరీ చిప్‌ల మీద ఒకటిన్నర మిల్లీమీటర్ల ప్యాడ్లు ఉండేవి. మందంగా ఉంటే ఇంకా గట్టిగా ఆనుకుంటుంది కదా అన్న తెలివితో రెండు మిల్లీమీటర్లవి వేశాను. కంప్యూటర్ ఆన్ చేసి కార్డుకు కొంచెం పని పెట్టగానే చిప్ ఉష్ణోగ్రత సెకన్లలో హద్దు తాకింది. పేస్టు మంచిది కాదనుకొని విప్పి మళ్లీ వేశాను. మళ్లీ అదే తీరు. మూడోసారి విప్పి పేస్టు మీది గుర్తును నిదానంగా చూస్తే, చిప్ మధ్యలో పేస్టు నేను పెట్టిన బొట్టులాగే ఉంది, అణగనే లేదు. ఎత్తైన ప్యాడ్లు నాలుగు వైపులా హీట్‌సింక్‌ను పైకి లేపేస్తున్నాయి. చిప్‌కూ లోహానికీ మధ్య వెంట్రుకవాసి సందు మిగిలింది, ఆ సందే కొంప ముంచింది. పాత మందమే వేశాక అంతా చక్కబడింది. దీనికి తిరగబడిన పొరపాటు ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే ప్యాడ్ పలుచనైతే చిప్ చల్లగానే కనిపిస్తుంది, మెమరీ మాత్రం లోలోపల మాడుతుంది. జీడీడీఆర్6ఎక్స్ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3080, 3090 లాంటి కార్డుల్లో మెమరీ 110 డిగ్రీల దగ్గర తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అందువల్ల ఒక్క చిప్ ఉష్ణోగ్రతనే చూసి సంతోషపడకూడదు.

విప్పడంలో మెళకువలు కొన్నే. విప్పే ముందు కార్డును కాసేపు నడిపి వెచ్చబరిస్తే పాత పేస్టు మెత్తబడుతుంది. తరువాత విద్యుత్తు ఆపేసి, కార్డును బయటికి తీసి, హీట్‌సింక్‌ను నిలువునా లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులు చేయాలి. ఫ్యాన్ తీగ ఇంకా బోర్డుకు గుచ్చి ఉంటుందన్న సంగతి మరవకూడదు, ఆత్రంగా ఎత్తినవారు ఆ చిన్న ప్లగ్గును పెకలించుకున్న సందర్భాలు ఎన్నో. గ్రాఫిక్స్ చిప్ మీద సాధారణంగా లోహపు మూత ఉండదు కాబట్టి, బిగించేటప్పుడు ఒకవైపు ఒరిగితే అంచు పగిలిపోవచ్చు. నాలుగు స్క్రూలను ఎదురెదురు మూలల క్రమంలో, ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా బిగించాలి.

ఫ్యాన్లకు విద్యుత్తు ఎక్కడి నుంచి ఇవ్వాలన్నది చాలామంది తడబడే చోటు. కార్డు మీది ప్లగ్గు చిన్నది, మామూలు కేబినెట్ ఫ్యాన్ ప్లగ్గు అందులో పట్టదు, నడుమ ఒక మార్పిడి తీగ కావాలి. ఆ చిన్న ప్లగ్గు ఎంత కరెంటు ఇవ్వగలదో తయారీదారులు సాధారణంగా చెప్పరు. అందుకే పాత ఫ్యాన్ల మీద ముద్రించిన ఆంపియర్ల సంఖ్యను చూసి, కొత్త ఫ్యాన్లు రెండూ కలిసి దాన్ని దాటకుండా ఎంచుకోవాలి. మదర్‌బోర్డుకే కలుపుకుంటే ఆ బెంగ ఉండదు, కానీ మదర్‌బోర్డుకు తనంతట తానుగా గ్రాఫిక్స్ చిప్ ఉష్ణోగ్రత తెలియదు. దాన్ని చదివి ఫ్యాన్ వేగం మార్చే సాఫ్ట్‌వేర్‌ను నడపాల్సి ఉంటుంది. నాలుగు తీగల ఫ్యాన్లలో వేగాన్ని నియంత్రించే సంకేతం సెకనుకు 25,000 సార్లు కొట్టుకుంటుంది, అది మనిషి చెవి అందుకోగల హద్దుకు పైనే కాబట్టి ఆ నియంత్రణ వల్ల కొత్త శబ్దం పుట్టదు.

నష్టాలు లేవని అనను. మామూలు ఫ్యాన్ మందం 25 మిల్లీమీటర్లు, మదర్‌బోర్డు మీద కార్డులు గుచ్చే విస్తరణ స్లాట్ల మధ్య దూరం 20.32 మిల్లీమీటర్లు, అంటే కార్డు ఇంకో స్లాటును మింగేస్తుంది. చోటు లేకపోతే 15 మిల్లీమీటర్ల పలుచని ఫ్యాన్లతో సరిపెట్టుకోవాలి, అవి కొంచెం ఎక్కువ రొద చేస్తాయి. మొదటి రకం డ్రమ్ము ఫ్యాన్ ఎంత గోల చేసినా వేడిగాలిని కేబినెట్ వెలుపలికి ఊదేది. కొత్త అమరికలో ఆ వేడి లోపలే తిరుగుతుంది, కేబినెట్‌కు గాలి రాకపోకలు సరిగా లేకపోతే ప్రాసెసర్ వేడెక్కుతుంది. ఇరుకైన కేబినెట్లు ఉన్నవారు ఈ ప్రయత్నం మానుకోవడమే మేలు. గ్యారంటీ గడువు మిగిలి ఉన్నవారు దాని షరతులు చదివాకే మర ముట్టుకోవాలి.

ఫలితం గురించి పెద్దగా చెప్పుకోను. రెండో కార్డు పూర్తి స్థాయిలో పని చేస్తున్నప్పుడు పాత ఫ్యాన్లు నిమిషానికి 2,800 చుట్లు తిరిగేవి, కొత్తవి 900 దాటడం లేదు, చిప్ కూడా మునుపటికన్నా చల్లగానే ఉంటోంది. మొదటి రాత్రి కంప్యూటర్‌లో ఏదో చెడిపోయిందని కంగారుపడ్డాను. తీరా చూస్తే అది హార్డ్ డిస్కు చప్పుడు, ఇన్నేళ్లూ ఫ్యాన్ హోరులో వినపడలేదంతే.

ఇంతకీ ఈ లేఖ రాయడంలో నా విన్నపం మీ పత్రికకే. మీ సమీక్షల్లో కార్డు సెకనుకు ఎన్ని దృశ్యాలు చూపుతుందో ఒకటికి పది పట్టికలు వేస్తారు, శబ్దం దగ్గరికి వచ్చేసరికి ‘కాస్త రొద ఉంది’ అన్న ముక్కతో ముగిస్తారు. డెసిబెల్ లెక్క ఇస్తే చాలదు, ఎంత దూరం నుంచి కొలిచారో, అప్పుడు గదిలో మామూలుగా ఉన్న శబ్దం ఎంతో కూడా రాయాలి. ఆరుబయట చిన్న ధ్వనిమూలానికి దూరం సగమైతే కొలత 6 డెసిబెల్ పెరుగుతుంది కాబట్టి, దూరం చెప్పని అంకెతో రెండు కార్డులను పోల్చడం కుదరదు. ఫ్యాన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నప్పుడు కొలిచారో కూడా ఇస్తే ఇంకా మంచిది.

దాంతోపాటు మరో రెండు సంగతులు ప్రతి సమీక్షలో ఉండాలని నా కోరిక. ఆ కార్డు ఫ్యాన్లు హీట్‌సింక్‌ను కదపకుండా ఊడివస్తాయా లేదా అన్నది ఒకటి. లోపలి ప్యాడ్ల మందం ఎంతన్నది రెండోది. ప్రాసెసర్ కూలర్ల విషయంలో ఫలానా సాకెట్టుకు ఫలానా కూలర్ సరిపోతుందని డబ్బా మీదే రాసి ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డుల్లో చిప్ చుట్టూ స్క్రూ రంధ్రాల ఎడం, మెమరీ ఉండే చోటు, వోల్టేజీ భాగాల ఎత్తు మోడలును బట్టి మారిపోతాయి. విడి కూలర్లు తయారుచేసేవారు తగ్గిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం. ఆ కొలతలను తయారీదారులు తమంతట తాము ప్రకటించడం లేదు. సమీక్ష కోసం కార్డును ఎలాగూ విప్పుతున్న మీ వ్యాసకర్త చేతిలో ఒక కొలబద్ద ఉంటే, ఆ ప్యాడ్ల మందం రాయడానికి పత్రికలో ఒక్క పంక్తి చాలు. ఆ పంక్తి నాకు ముందే దొరికి ఉంటే, ఆ హీట్‌సింక్‌ను మూడుసార్లు విప్పే పని తప్పేది.

భవదీయుడు,
మీ పత్రిక పాఠకుడు